రోహిణిలో పోసిందా, మృగశిరలో పోసిందా? భీమాలి తాండ్రతో నాలుగు వేసవులు

భీమాలి మామిడి తాండ్ర ఎలా ఉంటుందో విజయనగరం జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. లక్కవరపుకోట మండలంలో ఆ ఊరు ఏ పక్కనుందో తెలియనివాళ్లకు కూడా దాని రుచి తెలుసు. అందుకని అదంతా వదిలేస్తున్నాను. ఈ సమీక్ష నాలుగు వేసవుల్లో వేర్వేరు చోట్ల కొన్న 11 తాండ్ర పలకల మీద రాస్తున్నది. కొన్ని పోసేవాళ్ల ఇళ్ల దగ్గర కొన్నవి, కొన్ని పట్నం దుకాణాల్లోవి, రెండు సోలార్ డ్రయ్యర్‌లో ఆరబెట్టినవి. తొమ్మిది పలకలు చివరి ముక్క దాకా నిలిచాయి. ఒకటి పాడవలేదు గానీ ఎవరూ తినలేదు. ఇంకొకటి మూడు నెలలు తిరక్కుండానే బూజు పట్టింది. ఆ ఒక్క పలక మీద కోపమే ఈ రాత రాయించిందనుకున్నా తప్పులేదు.

తాండ్ర కొనేటప్పుడు అందరూ ముందుగా అడిగేది ‘బెల్లమా, పంచదారా?’ అని. దానికంటే ముందు అడగాల్సిన మాట ‘ఏ కార్తెలో పోశారు?’ అని. కృత్తికలో మొదలుపెట్టి రోహిణి లోపల ముగించినదైతే, అంటే మే రెండో వారం నుంచి జూన్ మొదటి వారం మధ్య పోసినదైతే, సగం బెంగ తీరినట్టే. జూన్ 8 ప్రాంతంలో మృగశిర వస్తుంది, దాని వెనకే నైరుతి మబ్బు. ఆ తర్వాత ఎండలో పోసిన పలక ఎంత చేయితిరిగిన వాళ్లదైనా నేను తీసుకోను.

కారణం పొరల్లో ఉంది. చాప మీద రసాన్ని మిల్లీమీటరు, మహా అయితే రెండు మిల్లీమీటర్ల మందాన పోస్తారు. రోళ్లు పగిలే ఎండకు అది ఒక రోజులో ఆరుతుంది. ఆరిన పొర వేలికి అంటకూడదు, అలాగని చిట్లకూడదు. మర్నాడు దాని మీద ఇంకో పొర. ఇలా పది పన్నెండు పొరలైతేగాని పలకకు మందం రాదు. అంటే వరసగా పది రోజులకు పైనే గట్టి ఎండ కావాలి. మధ్యలో ఒక్కరోజు మబ్బు పడితే ఆ రోజు పోసిన పొర దగ్గరే తేడా వస్తుంది. ఆగి పూర్తిగా ఆరనిచ్చే ఓపిక ఉన్నవాళ్లకు నష్టం లేదు. కానీ జూన్‌లో పండు మగ్గిపోతూ ఉంటుంది, వాన తరుముతూ ఉంటుంది. ఓపిక పట్టేదెవరు?

పాడైన పలక జూన్ ఆఖరి వారంలో పట్నంలో కొన్నది. తూకం కిలోన్నర. పైకి చూస్తే 11 పలకల్లోనూ అదే అందగత్తె. నిమ్మపండు రంగు, అద్దంలాంటి నునుపు, నాలుగు మూలలూ సమంగా కోసి ప్లాస్టిక్ కాగితంలో గాలి చొరకుండా బిగించి ఉంది. నొక్కితే గట్టిగానే తగిలింది. జూలైలో తిన్నంతవరకు రుచికి లోటు లేదు. ఆగస్టు మూడో వారంలో డబ్బా మూత తీస్తే సన్నగా కల్లు వాసన తగిలింది. తాండ్ర ఎలాగూ పులుపే కాబట్టి ఆ వాసనను పట్టించుకోకపోవడం సులువు. అక్కడే పొరపాటు జరిగింది. సెప్టెంబరు మొదటి వారంలో మళ్లీ కోస్తే పలక నడుమ రెండు పొరలు విడిపోయి, ఆ సందులో బూడిదరంగు బూజు సాలెపట్టులా అల్లుకుని ఉంది. పైనా కిందా మాత్రం చిన్న మచ్చ కూడా లేదు.

ఆ ముక్కను వెలుతురుకు అడ్డంగా పెట్టి చూస్తే ఏం జరిగిందో తెలిసిపోయింది. కింద నుంచి ఐదు పొరలు ఒకే మందంలో పొడిపొడిగా ఉన్నాయి. ఆరోది వాటికి రెట్టింపు లావు, జిగటగా మెరుస్తోంది, వేలితో నొక్కితే పక్కకు జారుతోంది. ఏడో పొర నుంచి మళ్లీ మామూలే. ఆరోది పోసిన రోజున వాన పట్టి ఉంటుంది. చాపను పంచలోకి లాగి ఉంటారు. ఒకటి రెండు రోజులు నీడలో ఉంటే దాని పైన తోలు కడుతుంది, లోపల తడి అలాగే ఉండిపోతుంది. ఎండ మళ్లీ కాయగానే, తోలు కట్టింది కదా అని ఏడోది పోసేస్తే ఇక ఆ తడి బయటికి పోయే దారి లేదు. కొన్న రోజున అది చేతికి తెలియదు, నాలుకకూ తెలియదు. వారాలు గడిచేకొద్దీ ఆ తడి పక్క పొరల్లోకి ఇంకుతుంది. ముందు ఈస్టు లేస్తుంది, ఆ కల్లు వాసన దానిదే. వెనకాల బూజు వస్తుంది. తీపి దండిగా ఉంటే ఏదీ పాడవదని చాలామంది ధీమా. ఎంత తీపి ఉందన్నది సగం లెక్కే. ఆ తీపి పట్టి ఉంచలేక వదిలేసిన నీరు ఎంత ఉందన్నది అసలు లెక్క.

దుకాణంలో అడిగితే వచ్చిన జవాబు: ‘తడి చెయ్యి పెట్టుంటారు బాబూ.’ ఆ మాటను పూర్తిగా కొట్టిపారేయలేం. తడి చెయ్యి, తడి చాకు తాండ్రను పాడుచేసే మాట నిజమే. కానీ తడి చేతి బూజు పై పొర నుంచి మొదలవుతుంది, నడుమ పొరలో పుట్టదు. పైగా మే నెల పలక ఒకటి అదే అలమరలో, అలాంటి స్టీలు డబ్బాలోనే ఉంది, దానికి ఏమీ కాలేదు. బూజు పట్టినంత మేర కోసేసి మిగతాది ఎండలో పెట్టి తినొచ్చని చెప్పేవాళ్లుంటారు. వినకండి. బూజు పోగులు కంటికి కనిపించేదానికన్నా లోతుగా దిగుతాయి, దాని విషం ఎండకు పోదు.

ఆ తర్వాత కొనే పద్ధతి మారింది. బిగించిన ప్యాకెట్టు మానేసి, ఎదురుగా కోసి ఇచ్చేచోటే తీసుకోవడం మొదలైంది. కోసిన అంచును వెలుతురుకు పెట్టాలి. పొరలు పుస్తకం పేజీల్లా సన్నటి గీతలుగా, కాస్త అటూ ఇటుగా ఒకే మందంలో కనిపించాలి. ఏదో ఒక పొర లావుగా, మిగతావాటికంటే ముదురుగా మెరుస్తుంటే వద్దు. తర్వాత పలక నడుమ నుంచి వేలెడు ముక్క అడగాలి. అంచు ముక్క ఇస్తే తీసుకోవద్దు, అంచు ఎప్పుడూ ముందే ఆరుతుంది. ఆ ముక్కను వంచితే తోలు బెల్టులా వంగి, వదిలితే మెల్లగా తిరిగి రావాలి. వంచినచోటే ఉండిపోయి తడిగా మెరిస్తే పచ్చిది. పటుక్కున విరిగితే ఎండ ముదిరింది, లేదా పంచదార మరీ ఎక్కువైంది. చివరికి బొటనవేలితో ఐదు లెక్కపెట్టేదాకా నొక్కి వదలాలి. ముద్ర పడాలి గానీ వేలికి జిగట అంటకూడదు.

పలాస జీడిపప్పుకైతే డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని గ్రేడు ఉంటుంది. 240 అంటే పౌనుకు 220 నుంచి 240 గింజలు తూగుతాయని కొనేవాడికి అర్థమవుతుంది. తాండ్ర అమ్మేచోట అలాంటి లెక్కేదీ కనిపించదు. కోత అంచే దాని గ్రేడు. ‘కోసి చూపించం, కావాలంటే తీసుకోండి’ అన్నచోట వాదన పెట్టుకోకుండా వచ్చేయడం మేలు.

రంగు మాట. పచ్చగా నిగనిగలాడేదే మేలైనదని మొదటి రెండేళ్లు నమ్మి, నలుగురికీ అదే చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. ఏ మందూ పడని తాండ్ర మేలో పసుపుగా ఉండి, దసరాకు తేనె రంగుకు, సంక్రాంతికి ఇంచుమించు చింతపండు రంగుకు దిగుతుంది. పండులోని చక్కెరలు, అమైనో ఆమ్లాలు మెల్లగా కలిసి ఆ గోధుమ రంగు తెస్తాయి. అది పాడవడం కాదు. రుచి కాస్త పాకం వైపు తిరుగుతుంది, కొందరికి అదే ఇష్టం. సంక్రాంతికి కూడా కొన్ననాటి రంగులోనే నిలిచిందంటే, ఫ్రిజ్‌లో లేని పక్షంలో, సల్ఫైటో రంగో పడిందని అనుమానించాలి. లేబులు మీద ఐఎన్‌ఎస్ (ఆహారంలో కలిపే పదార్థాలకిచ్చే అంతర్జాతీయ అంకె) 224 అని ఉంటే అది పొటాషియం మెటాబైసల్ఫైటు. అలా రాసి, పరిమితిలో వాడితే అది అనుమతి ఉన్న నిల్వ మందే. ఉబ్బసం ఉన్నవాళ్లకు మాత్రం పడకపోవచ్చు. 102, 110 అంకెలు కనిపిస్తే అవి కృత్రిమ పసుపు రంగులు. 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు ఉన్నంత మాత్రాన సరుకు మంచిదని కాదు గానీ, లేబులుంటే ఏం కలిపారో చదువుకునే వీలుంటుంది. ఇంటి దగ్గర విడిగా కోసిచ్చే పలకకు నోటిమాటే లేబులు.

డిసెంబరు దాటాక పైన తెల్లటి పొడి పట్టిందని మంచి తాండ్రను పారేసేవాళ్లూ ఉన్నారు. చాలాసార్లు అది గ్లూకోజు పలుకుకట్టడం. నాలుక పెట్టకముందే తడిగుడ్డతో ఒకచోట తుడవండి. చక్కెరైతే కరిగి, ఆ చోటు మెరుస్తుంది. బూజైతే నూగులా లేచి ఉంటుంది, తుడిస్తే మరకలా అలుముకుంటుంది, మక్కిన వాసన వస్తుంది.

పంచదార గురించి ఎవరి మాటా నమ్మక్కర్లేదు, కూడికలు వస్తే చాలు. 10 కిలోల పండ్లకు తొక్క, టెంక, పీచు పోతే 5 కిలోల గుజ్జు వస్తుందనుకుందాం. అందులో నీరు పోగా మిగిలే సారం 16 నుంచి 18 శాతం, అంటే 800 నుంచి 900 గ్రాములు. తాండ్రలో ఉండే కాస్త తేమ కలిపితే కిలో. అంటే ‘అచ్చంగా పండే, చెంచా పంచదార కూడా లేదు’ అన్న కిలో తాండ్ర వెనక సుమారు 10 కిలోల పండ్లు ఉండాలి, ఆపైన అన్నిరోజుల కూలి. అదే కిలో గుజ్జుకు 200 గ్రాముల పంచదార వేస్తే నాలుగున్నర కిలోల పండ్లతోనే కిలో తాండ్ర తేలుతుంది, అందులో 450 గ్రాములు పంచదారే. 100 గ్రాములు వేస్తే 6 కిలోల పండ్లు, 300 గ్రాముల పంచదార. ఆ వారం రసం పండ్ల ధర తెలిసినవాళ్లకు తాండ్ర ధరలోనే పంచదార కొలత దొరుకుతుంది. 100 గ్రాముల లెక్క తాండ్రే నాకు బాగా నచ్చింది, పండు పులుపు మునిగిపోదు. షుగరున్నవాళ్లు పంచదార లేనిదని ధైర్యంగా తినేది కూడా కాదు, పండులోని చక్కెరే చిక్కబడి ఉంటుంది.

బెల్లం తాండ్రకు ఓటు వేయమని మొదట్లో గట్టిగానే చెప్పాను. రుచిలో ఇప్పటికీ దానిదే పైచేయి. కాకపోతే బెల్లం గాలిలో తేమను పంచదారకన్నా జోరుగా లాగుతుంది. శ్రావణం వచ్చేసరికి ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని ముద్దవుతాయి. ఇంకో చిక్కుంది: రంగు మొదటి నుంచే ముదురు కాబట్టి కోత అంచులో పచ్చిపొర ఉన్నా కంటికి దొరకదు. కొనాలనిపిస్తే తెలిసిన ఇంటి దగ్గరే, దీపావళి లోపు అయిపోయేంతే.

ఎవరూ తినని పలక సంగతి. అందులో పచ్చి పొర లేదు, మే నెలదే. చాపకు రసం అంటుకోకుండా ముందుగా నూనె రాస్తారు కొందరు. అది పాత నూనె. నోట్లో పెట్టుకోగానే తెలియదు, మింగాక గొంతులో తెలుస్తుంది. కింది పొర గీకేసినా వాసన పోలేదు. కొనేటప్పుడు పలకను తిరగేసి కింది వైపు వాసన చూసుంటే సరిపోయేది. తిరగేసినప్పుడు చూడాల్సింది ఇంకోటి కూడా ఉంది: చాప గీతలు. ఆ గీతలున్న పలకకు అడుగు నుంచి కూడా తేమ పోయే దారి ఉండింది. రెండు వైపులా నునుపుగా ఉందంటే ప్లాస్టిక్ పట్టా మీదో పళ్లెంలోనో పోశారు, దానికి ఒక వైపే ఎండ, ఒక వైపే గాలి. అలాంటిదాని మొదటి పొరను గోరుతో గీకి, తడి లేదని తేలాకే తీసుకోవాలి.

చాప తాండ్రకు ఉన్న అసలు లోపం ఇసుక. దోమతెర కప్పనిచోట ఈదురుగాలికి దుమ్ము ఏదో ఒక పొరలో చిక్కుతుంది. 20 గ్రాముల ముక్కను 100 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లలో, గాజు గ్లాసులో రాత్రంతా ఉంచి, పొద్దున్నే కదపకుండా అడుగు చూడాలి. పీచు తేలుతుంది, గుజ్జు మబ్బులా నిలుస్తుంది, ఇసుక అడుగున గీతగా కనిపిస్తుంది. ముక్క ఇంకా నానకముందే నీళ్లు పసుపెక్కితే రంగు పడిందని అనుమానించాలి. పిండి కలిపారేమోనన్న అనుమానముంటే ఆ నీళ్లలో రెండు చుక్కల టింక్చర్ అయొడిన్ వేయొచ్చు. ముదురు నీలం తిరిగితే పిండి ఉంది. లేత నీలానికి మాత్రం తగువుకు వెళ్లొద్దు, సరిగ్గా మగ్గని పండులో మిగిలిన పిండికి కూడా అంత రంగు వస్తుంది. ఆ నీళ్లు తాగొద్దని వేరే చెప్పాలా!

నిల్వలో మా పొరపాట్లు తీరడానికే రెండేళ్లు పట్టింది. తెచ్చిన రోజే ప్లాస్టిక్ తీసేసి, ఒక పూట ఫ్యాను గాలికి నీడలో ఉంచాలి. పొడి చాకుకు చుక్క నెయ్యి రాసి రెండు వేళ్ల వెడల్పు పట్టీలుగా కోయాలి. ఒక్కో పట్టీని బటర్ పేపరులో చుట్టాలి. న్యూస్‌పేపరు వద్దు, సిరా అంటుతుంది, తేమ పీలుస్తుంది. చుట్టిన పట్టీలను పావుకిలో పట్టే గాజు సీసాల్లో సర్ది, ఒక సీసా ఖాళీ అయ్యాకే ఇంకోటి తెరవాలి. ఒకే పెద్ద డబ్బాలో పెట్టి పిల్లలు పూటకోసారి మూత తీస్తే వానాకాలం గాలంతా అందులోకే పోతుంది. ఫ్రిజ్‌లో పెడితే రంగు నిలుస్తుంది. కానీ చల్లటి సీసాను తీసిన వెంటనే తెరిస్తే ముక్కల మీద చెమ్మ దిగుతుంది, గంటసేపు బయట ఉంచి తెరవాలి. అక్టోబరు, నవంబరుల్లో తుపానుకు కరెంటు పోయి ఫ్రిజ్ ఆగిందంటే మూతలు తీయకుండా సీసాలను అలాగే అలమరలోకి మార్చేయడం మంచిది.

ఒక ఇంటివాళ్లు తాటాకు బుట్టలో పెట్టి ఇచ్చారు. ప్లాస్టిక్ లేకుండా ఇంత ముచ్చటగా ఇస్తున్నారని తెగ మెచ్చుకున్నాం. ఇంటికి తేవడానికి అది నిజంగా మేలు, దారిలో చెమర్చదు. నిల్వకు మాత్రం పనికిరాదు, బుట్ట అల్లికలోంచి తేమా దూరుతుంది, చీమలూ దూరతాయి.

సోలార్ డ్రయ్యర్ తాండ్ర మీద పెద్దగా చెప్పేదేమీ లేదు. ఇసుక లేదు, ఈగ లేదు. రెండింటిలో ఒకటి మృగశిరలో పోసినదే, అయినా నిలిచింది. అందుకే కార్తె నియమం ఎండ తాండ్రకే వర్తిస్తుందని పైన రాసుకున్నాను. లోపల వేడి మరీ పెరిగితే అక్కడా పైన తోలు కట్టి లోపల పచ్చిగా మిగలొచ్చు. ఈ రెండింటినీ ఒకే మందపాటి పొరగా పోశారు, నమిలితే రబ్బరులా సాగుతుంది. పొర పొర విడదీసుకుని తినే సరదా ఉన్నవాళ్లకు నచ్చదు.

కొనాలా వద్దా అంటే, అది ఇంటిని బట్టి. నలుగురున్న మా ఇంటికి, విజయనగరం పట్నం గాలికి, రెండు కిలోలు సంక్రాంతి దాకా సరిపోతాయి. కళింగపట్నం, భావనపాడు వైపు సముద్రం పక్కనున్నవాళ్లకు అంత సలహా ఇవ్వలేను, ఆ ఉప్పుగాలికి అరకిలో చొప్పున తెచ్చుకోవడమే నయం. పోసేవాళ్ల ఇంటికి వెళ్లలేక దుకాణంలోనే కొనాల్సినవాళ్లకు సల్ఫైటు రాసి ఉన్న లేబులు ప్యాకెట్టు నిజానికి తక్కువ జూదం కావచ్చు, ఇంట్లో ఉబ్బసం లేకపోతే. ఈసారి రెండు కిలోలకు రోహిణి మొదట్లోనే చెప్పి ఉంచాను. జూన్ మధ్యలో ఎవరైనా ‘రోహిణిదే, మిగిలిపోయింది’ అంటే కోయమని అడుగుతాను. కోస్తే అరకిలో.